ఇల్మె ఆబ్, ఇల్మె హవా, మా ఖాలూ జీపు

మా ఖాలూ జీపుకి ముక్కు మొలిచింది. బానెట్ పక్కనుంచి బయటికొచ్చి, ముందు అద్దం అంచు వెంట నిలువుగా ఎక్కి, టాప్ కన్నా జానెడు పైన వంగిన నల్లటి గొట్టం. మొహల్లా పిల్లలు దాన్ని "హాథీ కా సూండ్" అంటున్నారు. ఖాలా మాత్రం దాని పేరెత్తితే మొహం తిప్పుకుంటుంది. ఈ ఝగడాకి ఫైసలా చెప్పమని నన్ను శంషాబాద్ పిలిపించారు. సహాఫీని కదా, రెండు వైపులా వినడం నా పేషా. విన్నాక తారీఖ్ తవ్వడం నా ఆదత్.

ముందు ఆ రాత్రి సంగతి. 2020 అక్టోబర్ 13. బేగంపేటలో ఒక్క రోజులో 19 సెంటీమీటర్ల వాన పడిన రోజు. ఖాలూ పాల్మాకుల దగ్గరి కోళ్ల ఫారం నుంచి తన పాత ఎంఎం 540 జీపులో ఊళ్లోకి వస్తున్నారు. గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు కట్ట తెగి, నీళ్లు బెంగళూరు హైవే మీద పడ్డాయి. మనుషులు పోయారు, బండ్లు కొట్టుకుపోయాయి. చీకట్లో ఖాలూకి కనిపించింది నీళ్లే, ఎంత లోతో తెలియలేదు. "ఫౌజీ జీపు మియా, ఆగదు" అనుకుని దించారు. ఇరవై అడుగులు వెళ్లాక ఇంజన్ ఠక్కుమని ఆగిపోయింది. తిట్టుకుంటూ దిగి, నడుం లోతు నీళ్లలో రోడ్డు మధ్య డివైడర్ పట్టుకుని వెనక్కి నడిచొచ్చారు. జీపు మర్నాడు దొరికింది, పక్కకి ఒరిగి.

ఇంజన్ ఎందుకు ఆగింది? గాలి పీల్చే నోరు బానెట్ కింద ఉంటుంది. అక్కడిదాకా నీళ్లొస్తే గాలి బదులు నీళ్లు మింగుతుంది. డీజిల్ ఇంజన్ గాలిని గట్టిగా నొక్కి, ఆ వేడికే డీజిల్ అంటుకునేలా చేస్తుంది. గాలి నొక్కితే నలుగుతుంది, నీళ్లు నలగవు. పైకొచ్చే పిస్టన్ నీళ్లకి గుద్దుకుని, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఖాలూ ఇంజన్‌లో రెండు రాడ్లు వంగాయి. బాగు చేయించడానికి కోళ్ల ఫారం ఒక సీజన్ ఆమ్‌దనీ పోయింది. అప్పటినుంచే ఆయనకి ముక్కు ధున్ పట్టింది.

ఈ గొట్టాన్ని ఇంగ్రీజులో స్నార్కెల్ అంటారు. మాట జర్మన్ నావికుల యాసది, అర్థం ముక్కే. నీటి లోపలే ఉండి డీజిల్ ఇంజన్ నడపడానికి డచ్ నౌకాదళం 1930లలో జలాంతర్గాములకి గాలి గొట్టం పెట్టింది. 1940లో హాలండ్‌ని కబ్జా చేసుకున్న జర్మన్లు దాన్ని పట్టుకుపోయి, తర్వాత తమ వాటికి బిగించుకున్నారు. 1944 జూన్‌లో నార్మండీ తీరాన పడవల్లోంచి సముద్రంలోకి దిగిన విల్లీస్ జీపులకీ గాలి గొట్టం, పొగ గొట్టం పైకెత్తి, వైర్లకి గ్రీజు పూసి పంపారు.

ఆ విల్లీస్ జీపే మన దేశంలో మహీంద్రా జీపు అయింది. ఆ కంపెనీ 1945లో మొదలైనప్పుడు పేరు మహీంద్రా అండ్ మొహమ్మద్. ఆ మొహమ్మద్ ఎవరో మన ఇళ్లలో చాలామందికి మాలూమ్ లేదు. మలిక్ గులాం మొహమ్మద్. అంతకుముందు మన హైదరాబాద్ రియాసత్‌లోనే నిజాం సర్కారు ఖజానా వ్యవహారాలు చూసినవాడు. తక్సీమ్ తర్వాత పాకిస్తాన్ వెళ్లి మొదటి వజీరె ఖజానా, ఆ తర్వాత గవర్నర్ జనరల్ అయ్యాడు. 1948లో కంపెనీ పేరులోంచి మొహమ్మద్ తీసేసి రెండో మహీంద్రా చేర్చారు. బోర్డు మీద మొదటి అక్షరాలు మాత్రం అవే. ఇది చెప్పగానే ఖాలూ జీపు బానెట్ మీద చెయ్యేసి, "దేఖో, హమారా భీ హిస్సా హై ఇస్‌మే" అన్నారు. ఖాలా నవ్వలేదు.

ముక్కు కట్టింది హైవే పక్కన షెడ్డున్న ఓ ఉస్తాద్. బడికి పోని మనిషి. నేను వెళ్లేసరికి ఫెండర్ మీద అట్టముక్క పెట్టి రంధ్రం కొలత గీస్తున్నాడు. మూడంగుళాల పీవీసీ పైపు, ఎల్బోలు, రబ్బరు హోసు, క్లిప్పులు, సిలికాన్, రెండు ఇనుప పట్టీలు. అంతే సామాను. అసలు హోసు కన్నా పైపు సన్నంగా ఉంటే ఇంజన్‌కి దమ్ ఆడదన్నాడు. సైలెన్సర్ వైపు పెడితే పీవీసీ మెత్తబడుతుందన్నాడు. పైన నోరు కిందికి వంచాడు, వాన నేరుగా పడకుండా. పురుగులకి జాలీ కొట్టాడు. గేర్‌బాక్సుకీ యాక్సిళ్లకీ గాలి పోయే చిన్న రంధ్రాలుంటాయి, వాటికీ సన్నటి గొట్టాలు తొడిగి పైకి తెచ్చాడు. లేకపోతే వేడెక్కిన డబ్బాలు చల్లటి నీళ్లు తగలగానే లోపలికి గుంజుకుంటాయట. "ట్రాక్టర్ చూడండి సాబ్, ఎప్పట్నుంచో ముక్కు పైకే పెట్టుకుంది, దుమ్ము కోసం" అన్నాడు. నిజమే, రోజూ చూస్తాం, తట్టదు.

చివర్లో ఇంతిహాన్. ఇంజన్ నడుస్తుండగా, ట్యూబు రబ్బరు అతికించిన చెక్కతో గొట్టం నోరు మూశాడు. గాలి ఇంకెక్కణ్నుంచీ రాకపోతే ఇంజన్ చచ్చిపోవాలి. చావలేదు. ఉస్తాద్ చెవి పెట్టి వింటూ పోయి, ఫెండర్ లోపలి క్లిప్పు దగ్గర సన్నటి ఈల పట్టుకున్నాడు. "ఇక్కడ గాలొస్తే నీళ్లూ వస్తయ్." బిగించి మళ్లీ మూశాడు. రెండు దగ్గులు దగ్గి ఆగింది. ఖాలూ మాషాఅల్లా అన్నారు.

ఆ షెడ్డులో కూర్చుని నాకు ఊరి పేరు గుర్తొచ్చింది. శంషాబాద్‌కి ఆ పేరు పాయిగా ఖాన్‌దాన్ షమ్సుల్ ఉమ్రా ఖితాబు నుంచి వచ్చింది. ఆ ఖితాబున్న నవాబుల్లో ఫఖ్రుద్దీన్ ఖాన్ ఒకరు. 1840 ప్రాంతంలో ఇంగ్రీజు సైన్సు కితాబుల్ని ఉర్దూలోకి తర్జుమా చేయించి, సొంత ఛాపాఖానాలో అచ్చేయించారు. సిత్తయె షమ్సియా అనే ఆ ఆరింటిలో ఒకటి ఇల్మె ఆబ్, ఒకటి ఇల్మె హవా. నీళ్ల సంగతీ, గాలి సంగతీ. ఉర్దూ మీడియంలో చదివిన నేను కూడా ఆ పేర్లు నలభై దాటాకే విన్నాను. ఉస్తాద్ చేతుల్లో ఉన్నది ఆ రెండు ఇల్ములే, కితాబు లేకుండా.

అయితే అదే చోట ఇంకో తారీఖుంది. 1908 సెప్టెంబర్ 28 మూసీ తుగ్యానీలో వేల జనం పోయారు. షాయర్ అమ్జద్ హైదరాబాదీ తల్లి, బీవీ, బిడ్డ ఆ నీళ్లలోనే పోయారు. రియాసత్ అప్పుడు నీళ్లకి జాగా ఇచ్చింది: 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో మన శంషాబాద్ పక్కనే హిమాయత్ సాగర్. 2008 మార్చిలో ఎయిర్‌పోర్టు తెరిచాక ఈ చుట్టుపక్కల గజం జాగా బంగారమైంది, మనవాళ్లూ ప్లాట్లు కొన్నారు, నేనూ చూసొచ్చాను. చెరువు శిఖాల్లో షెడ్లు లేచాయి. 2024 ఆగస్టు చివర హైడ్రా వచ్చి అప్ప చెరువులో కట్టడాలు కూల్చింది. అక్కడ రోజీ పోయినవాళ్లున్నారు, కట్ట తెగిన రాత్రి మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. ఇద్దరికీ ముక్కులు అమ్మే దుకాణం లేదు.

ఇక ఫైసలా. "బేటా, ఆ రాత్రి ఇంజన్ ఆగబట్టే మీ ఖాలూ దిగారు. ముక్కు ఉంటే ఇంకా లోపలికి పోయేవారు" అంది ఖాలా. ఖాలూ నోరెత్తలేదు. పారే నీళ్లు రెండడుగులుంటే చాలు, జీపులాంటి బండినైనా ఎత్తుకుపోతాయి. ముక్కు ఇంజన్‌కి దమ్ ఇస్తుంది, టైర్లకి నేల ఇవ్వదు. నేను ఖాలా వైపు మొగ్గాను. ఫారం దారిలో నిలిచిన బురద నీళ్లకీ, దుమ్ముకీ అయితే ముక్కు మంచిదే, ఉండనీ అన్నాను.

షర్తు ఖాలా పెట్టింది. ఎర్ర అలర్ట్ వచ్చిన రోజు జీపు చాబీ తన పాన్‌దాన్‌లో ఉంటుంది. మొన్న వానకి ఖాలూ నాకు ఫోన్ చేసి గుసగుసగా అడిగారు, "నువ్వొకసారి చెప్పి చూడరాదూ?" వెనకనుంచి ఖాలా గొంతు వినిపించింది. "నక్కో."