మా సిపాయి తాత ఎవరి వైపు?

మా ముత్తాత తండ్రి 1858లో రాయపూర్‌లో హనుమాన్ సింగ్‌తో కలిసి ఇంగ్లీషువాళ్ళ మీద తిరగబడ్డాడట. పట్టుబడకుండా అడవుల వెంట బొబ్బిలి వైపు వచ్చేశాడట. అమ్మవారు కలలో కనిపించి చూపిన చోట అడవి కొట్టి సేద్యం మొదలుపెట్టాడట. ఇది మా బంధువులు చెప్పుకునే కథ. ఊళ్ళో ఆయన పేర స్వాతంత్ర్య సమరయోధుడని శిలాఫలకం వేయిస్తామన్నారు. "రాయపూర్ పక్కనే బీర్‌గావ్‌లో ఉన్నావు కదా, అక్కడి వివరాలు నువ్వే రాసి పంపు" అని నాకు పురమాయించారు.

నేను బీకాం చదివి, డిఫెన్స్ అకౌంట్స్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఓచరు లేని ఖర్చు పాస్ చేయడం అలవాటు లేదు. తాత విషయంలో మాత్రం ఎందుకు చేయాలి?

ముందు రాయపూర్ సంగతి. 1857 డిసెంబర్ 10న సోనాఖాన్ జమీందారు వీర్ నారాయణ్ సింగ్‌ను ఇక్కడ ఉరితీశారు. కరువులో వ్యాపారి గాదెల్లోని ధాన్యం తీసి జనానికి పంచినవాడాయన. 1858 జనవరి 18న హనుమాన్ సింగ్ సార్జెంట్ మేజర్ సిడ్వెల్‌ను చంపాడు. జనవరి 22న 17 మంది సిపాయిలను ఉరితీశారు. హనుమాన్ సింగ్ దొరకలేదు. ఆ 17 మందిలో మా తాత పేరు లేదు. తప్పించుకున్నాడని కథే చెబుతోంది కాబట్టి, పేరు లేకపోవడం దేనికీ రుజువు కాదు.

మరి మా ఇంట్లో ఉన్న ఆధారాలేమిటి? రెండే. ఒకటి నాయనమ్మ మాట, రెండు ఒక వెండి బిళ్ళ.

నాయనమ్మ హనుమాన్ సింగ్ పేరు ఎన్నడూ ఎత్తలేదు. "మీ తాత కామిటీ నించి వచ్చాడ్రా" అనేది. ఏదో కమిటీ అనుకుని నవ్వుకునేవాళ్ళం. ఉద్యోగంలో చేరాక ఒకసారి రైల్లో నాగపూర్ వెళుతూ, ఊరు దగ్గరపడుతుండగా స్టేషన్ బోర్డు చూశాను. కామ్‌ఠీ! మద్రాసు సైన్యం పెద్ద కంటోన్మెంటు అదే. సర్కారు జిల్లాల తెలుగువాళ్ళు ఆ సైన్యంలో ఎందరో. ఉత్తరాదిన సిపాయిని 'తిలంగా' అనడం కూడా మనవాళ్ళ వల్ల వచ్చిందే.

ఇక వెండి బిళ్ళ. ఒకవైపు విక్టోరియా తల. రెండోవైపు సింహం పక్కన నిలబడ్డ స్త్రీ, కింద 1857-1858. పైన కొక్కేనికి 'సెంట్రల్ ఇండియా' అని పట్టీ. అంచున తాత పేరు, దొరలు పలికినట్టు వంకరగా. పిల్లలం దాన్ని దేవుడి గూట్లో చూసేవాళ్ళం, పసుపు పూసి ఉండేది. పసుపు కడిగితే గానీ అక్షరాలు కనబడలేదు. ఇది తిరుగుబాటును అణచినవాళ్ళకు ఇచ్చిన పతకం. తిరగబడ్డవాడికి రాణి పతకం ఇస్తుందా?

1857 జూన్‌లో నాగపూర్‌లో అశ్వికదళం తిరగబడబోతే, వాళ్ళ ఆయుధాలు లాక్కోవడానికి కంపెనీకి అక్కరకొచ్చింది కామ్‌ఠీ మద్రాసు సైన్యమే. 1858లో జనరల్ విట్‌లాక్ దళం కామ్‌ఠీ నుంచి జబల్‌పూర్ మీదుగా వెళ్ళి, ఏప్రిల్ 19న బాందా నవాబును ఓడించింది. జూన్‌లో కిర్వీని యుద్ధం లేకుండానే పట్టుకుని ఖజానా దోచింది. ఆ సొమ్ము ఎవరికి చెందాలని సేనాధిపతులు తగవుపడితే 1866లో లండన్ కోర్టు తీర్పు చెప్పింది. మా తాత ఉన్నది ఈ వైపు.

మా భూమి కాగితం 1869 నాటిది. బంజరు కౌలు, మొదటి ఏళ్ళకు శిస్తు లేదు. గెడ్డ పక్క నేల. చోళ్ళు పండించి, మదుము కట్టి, తర్వాత వరిలోకి దిగాడు. నీరు ఎటు పారుతుందో కళ్ళున్న రైతుకు తెలుస్తుంది, అమ్మవారు కలలోకి రానక్కరలేదు. ఎడ్లకు డబ్బు కిర్వీ వాటాలోంచి వచ్చిందా, జీతంలో మిగిల్చిందా? ఓచరు లేదు, కాబట్టి రాయను. ఆయనే మొదట సాగుచేశాడన్న మాటా రాయను. ఆ కొండవాలుల్లో జాతాపులు, సవరలు అంతకుముందే పోడు కొట్టుకునేవారు.

ఇదంతా రాసి పంపాను. పెద్ద గొడవైంది. "వంశం పరువు తీశావు" అని మా చిన్నాన్న కొడుకు ఫోన్ పెట్టేశాడు. ఏమిటి పోయిన పరువు? నెలకు ఏడు రూపాయల కోసం, పంట పోయినా ఆగని జీతం కోసం, ఒక పేదరైతు కొడుకు దొర తుపాకీ పట్టాడు. అదే కంపెనీ జీతం తిన్న హనుమాన్ సింగ్ తిరగబడ్డాడు. అందుకే ఆయన గొప్పవాడు. ఆయన గొప్పతనాన్ని మా తాత ఖాతాలో జమ వేస్తే అది దొంగ లెక్క అవుతుంది. ఉరికంబమెక్కిన ఆ 17 మందికి అన్యాయం అవుతుంది.

చివరికి ఫలకం వేశారు. మా మేనత్త పట్టుబట్టడంతో దానిమీద పేరు కింద రెండే మాటలు చెక్కారు: సిపాయి, రైతు. రెండూ నిజమే. మా చిన్నాన్న కొడుకు మాత్రం ఇంకా ఫోన్ చేయలేదు.