దిద్దుబాటు కథలోఁ గర్త యెవరు?

గురజాడ అప్పారావుగారి 'దిద్దుబాటు' 1910వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో ఆంధ్రభారతియందుఁ బ్రకటితమయ్యెను. ఇదియే తొలి తెలుఁగు కథానిక యని బడులలోఁ జెప్పుచుందురు. భండారు అచ్చమాంబగారి 'ధనత్రయోదశి' 1902లోనే హిందూసుందరియం దచ్చుపడినది గావున నా మాట నిలువదు. ఇప్పటి విచారణ మది కాదు.

సానిపాటలకు మరగిన గోపాలరావు భార్య వ్రాసిన లేఖను జదివి, పశ్చాత్తప్తుఁడై తన్నుఁ దానే దిద్దుకొనెనని పెక్కండ్ర యభిప్రాయము. నేనును జాలకాల మట్లే పాఠము చెప్పితిని. కథను మరలఁ జదువఁగా నది పొసఁగదని తోఁచినది.

తాత్పర్యనిర్ణయమునకు మీమాంసకులు చెప్పిన లింగములలో ఉపక్రమోపసంహారములు మొదటివి. ఉపక్రమమున నతఁడు రాత్రి యొంటిగంటకు ఇల్లు చేరును; కమలిని కానరాదు. ఉపసంహారమున మంచముక్రిందనుండి యామె నవ్వును నగల రొదయు వినవచ్చును. అనఁగా నామె యిల్లు విడువనేలేదు. పుట్టినింటి పయనము వ్యాజము.

ఇఁక లేఖ. కథ యంతయు వాడుకభాషలో నుండఁగా నిదిమాత్రము గ్రాంథికచ్ఛాయలో నడచినది. దుఃఖోద్వేగమున గీసిన వ్రాత గాదు. కుదురుగాఁ గూర్చుండి కూర్చినది. సంబోధనమును జూడుఁడు. 'ప్రియా' పోయి 'అయ్యా' వచ్చినది. ఆ మార్పునకుఁ గలవరపడినవాఁడు గోపాలరావే. తా నింట నుండుటచేతనే భర్త కల్లలాడవలసివచ్చుచున్నదనియు, నతని మేలుగోరు సతి తొలఁగుటయే కర్తవ్యమనియు నామె వాదము. అసత్యప్రసంగ మంత చిన్న లేఖలో మాటిమాటికి వచ్చుచున్నది, ఇది యభ్యాసము. పతివ్రతాధర్మముతోడనే పతిని గట్టివైచిన నేర్పిది.

పశ్చాత్తాపము లేదా యందురేమో. కలదు. కాని యది యా లేఖకు ఫలము. ఆ రాత్రియే కోపము పట్టఁజాలక సేవకుని వీపు చఱచినవాఁ డతఁడు.  సేవకుఁడు రాముఁడును ఈ పన్నుగడలోఁ జేరినవాఁడే యని కొందఱందురు. దానిని స్పష్టముగాఁ దెలుపు వాక్యము నాకుఁ గానరాదు. ఊహ కింపైనంతమాత్రాన దానిని సిద్ధాంతములోఁ గలుపరాదు.

కథ పేరే చాలవఱకు సాక్ష్యము. 'దిద్దు' సకర్మకము, కర్తృకర్మల రెంటిని గోరును. దానిపైఁ జేరిన 'పాటు' పడు ధాతువునుండి వచ్చినది; అందుచే దిద్దఁబడుటయే ముందు స్ఫురించును. దిద్దఁబడినవాఁడు గోపాలరావు. కర్త పేరులోఁ జెప్పఁబడలేదు, మంచముక్రింద నున్నది.