శేరిలింగంపల్లి: ఓటర్లు 7 లక్షలు.. ఓటేసేది సగం లోపే! తెలంగాణలోనే అతిపెద్ద అసెంబ్లీ సెగ్మెంట్ కథ ఇదీ

శేరిలింగంపల్లి.. ఐటీ కారిడార్‌కు కేరాఫ్ అడ్రస్. మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్, మియాపూర్, చందానగర్, హఫీజ్‌పేట.. అన్నీ ఈ నియోజకవర్గంలోనే. తెలంగాణలో ఎక్కువ మంది ఓటర్లున్న అసెంబ్లీ సెగ్మెంట్ కూడా ఇదే. 2023 ఎన్నికల నాటికి ఓటర్లు 7 లక్షల 30 వేలు దాటారు. కానీ పోలింగ్ రోజు బూత్‌కు వచ్చింది మాత్రం సగం మంది కూడా కాదు. ఇంతకీ ఈ సెగ్మెంట్ ఎలా పుట్టింది? ఎవరు గెలిచారు? ఓటు ఎందుకు పడటం లేదు?

ఖైరతాబాద్ నుంచి విడిపోయి..

2009కి ముందు శేరిలింగంపల్లి పేరుతో నియోజకవర్గమే లేదు. ఈ ప్రాంతం అప్పటి ఖైరతాబాద్ సెగ్మెంట్‌లో ఉండేది. దివంగత నేత పి.జనార్దన్ రెడ్డి అక్కడి నుంచే ప్రాతినిధ్యం వహించారు. నగరం పడమటి వైపు పెరిగే కొద్దీ ఖైరతాబాద్ భారీగా తయారైంది. 2001 జనాభా లెక్కల ఆధారంగా జరిగిన పునర్విభజనలో దాన్ని ముక్కలు చేశారు. అలా వచ్చిందే 52వ నంబర్ నియోజకవర్గం శేరిలింగంపల్లి. ఇది రంగారెడ్డి జిల్లాలో, చేవెళ్ల లోక్‌సభ పరిధిలో ఉంటుంది. అప్పటిదాకా మున్సిపాలిటీగా ఉన్న శేరిలింగంపల్లి 2007లో జీహెచ్ఎంసీలో కలిసింది.

1998లో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ మొదలయ్యాక ఇక్కడి తీరే మారిపోయింది. పొలాలు, రాళ్ల గుట్టలు పోయి అపార్ట్‌మెంట్లు, గేటెడ్ కమ్యూనిటీలు వచ్చాయి. 2017లో మియాపూర్‌కు, 2019లో రాయదుర్గం వరకు మెట్రో కూడా వచ్చేసింది. అంటే 2001 లెక్కలతో గీసిన సరిహద్దులోనే ఆ తర్వాత పెరిగిన జనమంతా సర్దుకోవాల్సి వచ్చింది.

నాలుగు ఎన్నికలు.. ఇద్దరు ఎమ్మెల్యేలు

2009: తొలి ఎన్నికలో కాంగ్రెస్ అభ్యర్థి ఎం.భిక్షపతి యాదవ్ గెలిచారు.

2014: టీడీపీ నుంచి అరికపూడి గాంధీ బరిలోకి దిగి టీఆర్ఎస్ అభ్యర్థిపై 75 వేలకు పైగా మెజార్టీ సాధించారు. రాష్ట్రంలో టీఆర్ఎస్ గెలిచినా కూకట్‌పల్లి, ఎల్బీనగర్, కుత్బుల్లాపూర్ లాంటి శివారు సీట్లు టీడీపీకే దక్కాయి. ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చి స్థిరపడినవారి ఓట్లు ఇందులో కీలకం. ఆ తర్వాత గాంధీ టీఆర్ఎస్‌లో చేరారు.

2018: ఈసారి గాంధీ టీఆర్ఎస్ అభ్యర్థి. మహాకూటమి తరఫున పోటీ చేసిన టీడీపీ అభ్యర్థి వెనిగళ్ల ఆనంద ప్రసాద్‌పై 44 వేలకు పైగా ఓట్లతో గెలిచారు.

2023: కాంగ్రెస్ 64 సీట్లతో రాష్ట్రంలో అధికారంలోకి వచ్చింది. కానీ హైదరాబాద్ శివార్లలో మాత్రం బీఆర్ఎస్ హవా ఆగలేదు. గాంధీ కాంగ్రెస్ అభ్యర్థి జగదీశ్వర్ గౌడ్‌పై 46 వేలకు పైగా మెజార్టీతో హ్యాట్రిక్ కొట్టారు. మాజీ ఎమ్మెల్యే భిక్షపతి యాదవ్ కుమారుడు రవికుమార్ యాదవ్ బీజేపీ నుంచి మూడో స్థానంలో నిలిచారు.

ఫలితాల తర్వాత కూడా ఈ సీటు వార్తల్లోనే ఉంది. గాంధీ కాంగ్రెస్‌లో చేరారంటూ బీఆర్ఎస్ అనర్హత పిటిషన్ వేసింది. ఫిరాయింపు పిటిషన్లపై మూడు నెలల్లో తేల్చాలని 2025 జులైలో సుప్రీంకోర్టు స్పీకర్‌కు చెప్పింది. అదే ఏడాది డిసెంబర్‌లో స్పీకర్ గడ్డం ప్రసాద్ కుమార్ గాంధీపై ఉన్న పిటిషన్‌ను కొట్టేశారు.

భద్రాచలంతో పోలిస్తే..

రాష్ట్రంలో తక్కువ మంది ఓటర్లున్న సెగ్మెంట్ భద్రాచలం. 2014లో కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లిపోవడంతో అక్కడ ఓటర్లు లక్షన్నర లోపే మిగిలారు. అక్కడా ఒక్కరే ఎమ్మెల్యే, ఇక్కడా ఒక్కరే. అంటే శేరిలింగంపల్లి ఎమ్మెల్యే దాదాపు ఐదు రెట్ల మందికి జవాబు చెప్పాలి.

ప్రచార ఖర్చు పరిమితి కూడా అంతే. 2023లో ఎక్కడైనా అభ్యర్థికి గరిష్ఠంగా 40 లక్షలే. ఆ లెక్కన భద్రాచలంలో ఒక్కో ఓటరుకు దాదాపు 27 రూపాయలు ఖర్చు పెట్టే వీలుంటే, ఇక్కడ 5 రూపాయలకు కాస్త ఎక్కువ. ఇంటింటి ప్రచారం అంటే ఎంత కష్టమో దీన్ని బట్టే అర్థం చేసుకోవచ్చు.

ఓటు ఎందుకు పడట్లేదు?

2018లోనూ, 2023లోనూ ఇక్కడ పోలింగ్ 50 శాతం దాటలేదు. 2023లో రాష్ట్ర సగటు 71 శాతం పైనే. ఆ ఎన్నికలో ఓటేయని వారి సంఖ్యే భద్రాచలం మొత్తం ఓటర్లకు రెండు రెట్లు దాటుతుంది. గెలిచిన మెజార్టీ 46 వేలు.. ఇంట్లో ఉండిపోయినవాళ్లు మూడున్నర లక్షల పైనే! వాళ్లలో కొంతమంది కదిలినా ఫలితం ఎటైనా తిరిగేది.

కారణాలు ఒకటి కాదు. అద్దె ఇళ్లు మారినా ఓటు పాత అడ్రస్‌లోనే ఉండిపోతుంది. ఉద్యోగం మారి వేరే ఊరు వెళ్లినవారి పేర్లు జాబితాలోనే ఉంటాయి. అందుకే పోలింగ్ శాతం నిజం కంటే ఇంకాస్త తక్కువగా కనిపించే అవకాశం ఉంది. కొందరు సొంతూళ్లో ఓటు ఉంచుకుని అక్కడికే వెళ్తారు. ఇక సెలవు దొరికిందని బూత్ వైపు చూడనివాళ్లూ లేకపోలేదు.

మళ్లీ విడదీస్తారా?

ఏపీ పునర్విభజన చట్టంలోని సెక్షన్ 26 ప్రకారం తెలంగాణ సీట్లు 119 నుంచి 153కి పెరగాలి. కానీ రాజ్యాంగంలోని ఆర్టికల్ 170 ప్రకారం 2026 తర్వాత జరిగే తొలి జనగణన వరకు ఆగాల్సిందే. వెంటనే పెంచాలంటూ వేసిన పిటిషన్‌ను 2025 జులైలో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. సీట్లు పెరిగితే ఇంత పెద్ద సెగ్మెంట్‌ను విడదీయక తప్పదు. ఒకప్పుడు ఖైరతాబాద్‌కు జరిగిందే ఇప్పుడు శేరిలింగంపల్లికి జరగొచ్చు.

మీ ఓటు ఎక్కడుంది? చెక్ చేసుకోండి

కొత్తగా ఓటు కావాలంటే ఫారం 6. ఇల్లు మారి అడ్రస్ మార్చుకోవాలంటే ఫారం 8. 18 ఏళ్లు నిండినవారికి జనవరి 1తో పాటు ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1 కూడా అర్హత తేదీలే. డౌట్ ఉంటే 1950కి కాల్ చేయొచ్చు. సరిహద్దులు ఎప్పుడు మారతాయన్నది ఢిల్లీ చేతిలో ఉంది. జాబితాలో పేరు సరిచేసుకోవడం మాత్రం మన చేతిలోనే ఉంది.