విల్లు, ఉండేలు, బందూకు: వేట ఆయుధాలపై ధర్మవేత్తల చర్చ

కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల పల్లెల్లో ‘ఉండేలు’ అనే మాట తెలియనివారు అరుదు. రెండు కొమ్మల కర్రకు రబ్బరు కట్టి రాయి విసిరే సాధనాన్ని నేడు అలా పిలుస్తున్నారు. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో దాని పేరు గులేల్. కాని పూర్వం ఉండేలంటే ఉండవిల్లు. అంటే బాణానికి బదులు ఎండిన మట్టి ఉండను విసిరే విల్లు. ఆ మట్టి ఉండను అరబ్బులు ‘బుందుఖ్’ అన్నారు. తుపాకులు వచ్చిన తరువాత ఆ పేరే తుపాకికి సంక్రమించి, ఉర్దూ ద్వారా మన తెలుగులో ‘బందూకు’ అయింది. మట్టి ఉండ నుండి సీసపు గుండు దాకా సాగిన ఈ మాట ప్రయాణానికి తోడుగా ఇస్లామీయ ధర్మశాస్త్రంలో ఒక సుదీర్ఘ చర్చ సాగింది. ఏ ఆయుధంతో చంపిన వేట హలాల్ అవుతుంది? ఏది కాదు?

ఈ చర్చకు మూలం దివ్య ఖుర్‌ఆన్‌లోని అల్ మాయిదా సూరా. దెబ్బ తగిలి చచ్చిన జంతువును తినరాదని ఆ సూరా మూడవ ఆయత్ నిషేధించింది. తయ్ తెగకు చెందిన హజ్రత్ అదీ బిన్ హాతిమ్ (రజి) వేట అలవాటున్నవారు. ‘మిఅరాద్’ అనే ఒక రకం బాణంతో కొట్టిన వేటను గురించి ఆయన దైవప్రవక్త (స)ను అడిగారు. పదునైన కొన తగిలి చస్తే తినవచ్చుననీ, అడ్డంగా తగిలిన దెబ్బకు చస్తే తినరాదనీ దైవప్రవక్త (స) బోధించినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండూ ఉల్లేఖించాయి. బాణం ఒక్కటే, వేటగాడూ ఒక్కడే. గాయం ఎలా అయిందన్న దానిని బట్టి హలాల్, హరామ్ వేరయ్యాయి. వేళ్ళతో గులకరాళ్ళు విసరడాన్ని కూడా దైవప్రవక్త (స) వారించారు. దానివల్ల వేట దొరకదు, శత్రువు ఓడడు. పళ్ళు విరగడం, కళ్ళు పోవడం మాత్రమే మిగులుతాయి. వీటిని ఆధారం చేసుకొని, మట్టి ఉండ దెబ్బకు చచ్చిన పక్షి హలాల్ కాదనీ, ప్రాణం ఉండగా దొరికితే జబహ్ చేసి తినవచ్చుననీ అత్యధిక ధర్మవేత్తలు తీర్పు చెప్పారు.

తరువాత క్రాస్‌బో వంతు వచ్చింది. కర్రదిమ్మెకు అడ్డంగా విల్లును బిగించి, నారిని లాగి కొక్కేనికి తగిలించి, మీట నొక్కి బాణం వదిలే ఆయుధమిది. విల్లును పాదంతో తొక్కిపట్టి నారిని లాగేవారు గనుక అరబ్బులు దీనిని ‘కాలి విల్లు’ అన్నారు. పారశీక విల్లును దైవప్రవక్త (స) వద్దన్నారని ఇబ్నె మాజా సంకలనంలో ఒక ఉల్లేఖనం ఉన్నది. ఆ పారశీక విల్లు కాలి విల్లేనని కొందరు భావించారు. అయితే ఆ ఉల్లేఖన పరంపర బలహీనమైనదని హదీసు విమర్శకులు తేల్చారు. హి.శ. 751 (క్రీ.శ. 1350)లో కన్నుమూసిన ఇమామ్ ఇబ్నుల్ ఖయ్యిమ్ తన ‘అల్ ఫురూసియ్య’ గ్రంథంలో చేతి విల్లునూ కాలి విల్లునూ పోల్చి, దేని ప్రయోజనం దానికున్నదని చూపారు. క్రైస్తవ యూరప్‌లోనూ ఈ ఆయుధం వివాదమే రేపింది. 1139లో రోమ్‌లో జరిగిన రెండవ లాటరన్ మహాసభ, క్రైస్తవులపై క్రాస్‌బో, విల్లు ప్రయోగించరాదని శాసించింది.

వేటకు సంబంధించినంతవరకు సూత్రం స్పష్టంగానే ఉన్నది. క్రాస్‌బో నుండి వెలువడేది పదునైన ములికి ఉన్న బాణమైతే బాణపు తీర్పు వర్తిస్తుంది. ఉండ అయితే ఉండ తీర్పు వర్తిస్తుంది. అసలు చిక్కు తుపాకి గుండుతో వచ్చింది. హి.శ. 1252 (1836)లో మరణించిన హనఫీ ధర్మవేత్త ఇబ్నె ఆబిదీన్, గుండుకు పదును లేదు, అది వేగంతో, బరువుతో చంపుతుంది గనుక ఆ వేట హలాల్ కాదన్నారు. హి.శ. 1250 (1834)లో మరణించిన యెమెన్ విద్వాంసుడు షౌకానీ, గుండు శరీరాన్ని చీల్చుకొని పోతుంది గనుక హలాలేనన్నారు. సమకాలికులైన ఆ ఇద్దరూ ఒకే ఆయత్‌ను, ఒకే హదీసును ముందుంచుకొని రెండు దారులు పట్టారు. మన ప్రాంత ముస్లింలలో అత్యధికులు హనఫీలు. గుండు తగిలిన జంతువును ప్రాణం పోకముందే జబహ్ చేయాలన్న నియమానికి మూలం ఇదే.

నేటి అమెరికాలో ఇదే ఆయుధంపై మరో రకం వివాదం నడుస్తున్నది. అక్కడ విలుకాండ్రకు ప్రత్యేక వేట గడువు ఉంటుంది. ఆ గడువులో క్రాస్‌బోను అనుమతించాలా? పెన్సిల్వేనియా 2009లో అనుమతించింది. లాగిన నారి దానంతటదే నిలిచి ఉంటుంది, సాధన లేకుండానే గురి కుదురుతుంది, ఇక విలువిద్యకు విలువేమిటని ఒక వర్గం అడుగుతున్నది. వృద్ధులకూ వికలాంగులకూ ఇదొక్కటే దారి గదా అని రెండవ వర్గం బదులిస్తున్నది. వేటగాళ్ళ మధ్య న్యాయమేదన్నదే అక్కడి తగవు.

సులభంగా దొరికే వేటను గురించి దివ్య ఖుర్‌ఆన్ మరొక కోణంలో మాట్లాడింది. అల్ మాయిదా సూరా 94, 95 ఆయత్‌ల ప్రకారం, చేతులకూ ఈటెలకూ అందేంత చేరువకు వచ్చిన వేట విశ్వాసికి ఒక పరీక్ష. ఇహ్రామ్ స్థితిలో దానిని చంపరాదు. వేట ఎంత సులభమైతే పరీక్ష అంత కఠినమన్నమాట. ఆయుధం మెరుగుపడిన కొద్దీ ఈ మాట బరువు పెరుగుతున్నది.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదట్లో లైసెన్సుతో వేటకు చోటిచ్చింది. 1991 సవరణ ఆ చోటును తొలగించింది. నల్లమలలో విల్లే జీవనాధారంగా బ్రతికిన చెంచులకు సైతం అడవి జంతువుపై బాణం ఎక్కుపెట్టడం నేరమయింది. బందూకుకు గాని, విల్లుకు గాని, క్రాస్‌బోకు గాని ఇక్కడ వేట గడువంటూ లేదు.

కనుక సాగర్ ఎడమ కాలువ గట్టున గులేల్ దెబ్బకు చచ్చిన కొంగను, బిస్మిల్లా అని రాయి విసిరామన్న ఒక్క ధైర్యంతో ఇంటికి తెచ్చుకోవడం తగదు. అది పదును లేని దెబ్బకు చచ్చింది గనుక షరీఅత్ కాదంటున్నది. రక్షిత పక్షి గనుక చట్టం వద్దంటున్నది. ఒడంబడికలను నెరవేర్చమనే ఆదేశంతో మొదలయ్యే అల్ మాయిదా సూరా తొలి ఆయత్‌లోనే ఇహ్రామ్‌లో వేట తగదన్న హెచ్చరిక కూడా ఉన్నది. ఇచ్చిన మాటకు కట్టుబడడం, అందిన వేట నుండి చేయి వెనక్కు తీసుకోవడం అక్కడ ఒకే ఆయత్‌లో చేరాయి.