ఖడ్గమృగాన్ని లారీలో తెచ్చుకోవచ్చు, కలివికోడిని ఎక్కడి నుంచి తెస్తాం?

ఈమధ్య ప్రొద్దుటూరు నుంచి ఒక తమ్ముడు అడిగినాడు. "అన్నా, ఖడ్గమృగాలను అస్సాం నుంచి ఉత్తరప్రదేశ్‌కు తీసుకుపోయి మళ్లీ పెంచినారంట కదా, మన జమ్మలమడుగు పక్క, పులివెందుల పక్క కొండల్లో వదిలితే బతకవా?" అని. నవ్వులాటకే అడిగినాడు గానీ ప్రశ్న మంచిది. సమాధానం చెప్పబోతే మన జిల్లా చరిత్ర లోపలికే పోవాల్సి వచ్చింది.

మొదట ఒక మాట. ఖడ్గమృగం మనకు పూర్తిగా పరాయిది కాదు. మనకు ఉత్తరంగా బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలు ఉన్నాయి. మన ఇళ్లల్లో పరిచే బేతంచెర్ల నాపరాయి ఉంది కదా, ఆ సున్నపురాయి కొండల్లోనే. 1844లో న్యూబోల్డ్ అనే సైనికాధికారి వాటి గురించి రాశాడు. నలభై ఏళ్ల తర్వాత భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ ఆ గుహల్లో తవ్వకాలు జరిపారు. గుహల నేలలో దొరికిన ఎముకలను లిడెక్కర్ అనే పండితుడు పరిశీలించి 1886లో అచ్చు వేశాడు. అందులో ఖడ్గమృగం ఎముకలు ఉన్నాయి! ఆయన దానికి పెట్టిన పేరు 'రైనోసెరస్ కర్నూలియెన్సిస్'. అంటే కర్నూలు ఖడ్గమృగం అన్నమాట. ఇప్పుడు మేకలు కూడా నీడ కోసం వెతుక్కునే చోట ఒకప్పుడు అంత పెద్ద జంతువు మేసింది. అంత మేత, అంత నీళ్లు, ఒళ్లు పొర్లించడానికి అంత బురద అప్పుడు ఇక్కడ ఉన్నాయి. ఇప్పుడు లేవు. కాబట్టి తమ్ముడికి నా జవాబు: తెచ్చి వదలొచ్చు గానీ, అది బతకదు.

మరి ఉత్తరప్రదేశ్‌లో ఎట్లా సాధ్యమైంది? దుధ్వా ప్రాంతంలో గడ్డిమైదానం అట్లే మిగిలి ఉంది, జంతువు మాత్రమే పోయింది. ఆ రాష్ట్రంలో చివరి ఖడ్గమృగాన్ని 1878లో కాల్చేశారని చెబుతారు. నూరేళ్లు దాటినాక, 1984లో, అస్సాంలోని పోబితోరా నుంచి అయిదింటిని పట్టి విమానంలో ఢిల్లీకి, అక్కడి నుంచి లారీల్లో దుధ్వాకు చేర్చారు. వాటిలో రెండు చనిపోయాయి. మరుసటి ఏడాది నేపాల్‌లోని చిత్వన్ నుంచి నాలుగు ఆడవాటిని తెచ్చారు. దానికి బదులుగా మనం నేపాల్‌కు 16 ఏనుగులు ఇచ్చాం. పాతకాలం వస్తుమార్పిడి లాంటిదే! అట్లా మొదలైన మంద ఇప్పుడు పిల్లాపాపలతో ఉంది. చాలాకాలం దాదాపు పిల్లలన్నిటికీ బాంకే అనే ఒకే మగది తండ్రి. ఒకే రక్తం అయిపోతుందని అధికారులకు బెంగ. అస్సాంలోనే మానస్ అడవిలో గొడవల కాలంలో వేటగాళ్లు ఖడ్గమృగాలను తుడిచిపెట్టేస్తే, 2008 నుంచి మళ్లీ పోబితోరా, కాజీరంగాల నుంచే తెచ్చి వదిలారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. దుధ్వాలో పోయినా, మానస్‌లో పోయినా, తెచ్చుకోవడానికి పోబితోరా ఒకటి ఉంది, కాజీరంగా ఒకటి ఉంది. ఎవరో ఎక్కడో విత్తనం దాచిపెట్టారు. ఆ దాచిన చోటు ఒక్కటే అయితే? ఆ ఒక్కటి మన కడప జిల్లాలోనే అయితే?

అదే కలివికోడి కథ.

మన పెన్నానది గండికోట లోయ దాటి జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మీదుగా వస్తుంది. వేంపల్లి మీదుగా వచ్చే పాపఘ్ని దాంట్లో కలుస్తుంది. ఆ నీళ్లన్నీ సిద్ధవటం దగ్గర లంకమల కొండల అంచున పోతాయి. ఆ కొండల కింద, బద్వేలు వైపు, ముళ్లపొదలు, ఎర్రమట్టి, గులకరాళ్ల నేల ఉంది. చూస్తే 'బీడు' అనేస్తాం. అక్కడ రాత్రిపూట మాత్రమే తిరిగే ఒక పిట్ట ఉంది. జానెడు కంటే కాస్త పెద్దది, పెద్ద పెద్ద కళ్లు, రొమ్ము మీద అడ్డంగా రెండు గోధుమరంగు పట్టీలు. కలివిపొదల్లో తిరుగుతుందని ఊళ్లోవాళ్లు పెట్టుకున్న పేరు కలివికోడి. శాస్త్రవేత్తలకు మాత్రం అది జెర్డాన్స్ కోర్సర్. థామస్ జెర్డాన్ అనే మద్రాసు సైన్యం డాక్టరు 1848లో దాని గురించి రాశాడు కాబట్టి ఆ పేరు.

1900లో అనంతపురం వైపు ఒకరు చూశారు. ఆ తర్వాత ఎవరి కంటా పడలేదు. లేదా చూసినవాళ్లను ఎవరూ అడగలేదు! ఎనభై ఆరేళ్లు గడిచిపోయాయి. పుస్తకాల్లో 'అంతరించిపోయి ఉండొచ్చు' అని రాసేశారు. 1980ల్లో సలీం అలీ పెద్దరికంలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు గట్టిగా వెతకడం మొదలుపెట్టారు. భరత్ భూషణ్ అనే పరిశోధకుడు మన పల్లెల్లో తిరిగి, బొమ్మ చూపించి, 'ఇది తెలుసా' అని అడిగినాడు. కొందరు తెలుసన్నారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే స్థానికుడు రాత్రిపూట ఒక పిట్టను ప్రాణాలతో పట్టినాడు. లండన్‌లో లేని సమాచారం ఆయన దగ్గర ఉంది. ఆ పిట్ట ఎక్కువ రోజులు బతకలేదు, అది బాధే. కానీ జాతి బతికే ఉందని ప్రపంచానికి తెలిసింది. 1988లో తపాలా బిళ్ల వచ్చింది, శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది.

ఇంక కాలువ సంగతి. దీన్ని కాస్త నిదానంగా చెప్పాలి. తెలుగుగంగ అంటే మద్రాసుకు తాగునీళ్లు, మనకు సాగునీళ్లు. బ్రహ్మంసాగర్ నిండితే మైదుకూరు, బద్వేలు వైపు రైతు ముఖం వెలుగుతుంది. వానలు లేని సీమలో పుట్టినవాణ్ని, నేను కాలువ వద్దని ఎట్లా అంటాను? అయితే 2005లో ఆ కాలువ పనుల యంత్రాలు కలివికోడి తిరిగే పొదల్లోనే తవ్వుతుండగా పరిశోధకులు చూశారు. అభ్యంతరాలు, వాదనలు అయినాక కాలువ దారి మార్చారు. నీళ్లూ ఆగలేదు, పొదలూ కొంత మిగిలాయి. 'పిట్ట కోసం కాలువ ఆపుతారా' అని అప్పట్లో ఎకసెక్కాలు ఆడినవాళ్లు ఉన్నారు. కాలువ ఆపలేదు నాయనా, పక్కకు జరిపినారు, అంతే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. అభయారణ్యం అనగానే మనకు కంచె గుర్తొస్తుంది. ఖడ్గమృగానికి కంచె, తుపాకీ పట్టిన గార్డు కావాల్సిందే, ఎందుకంటే దాని శత్రువు కొమ్ము కోసం వచ్చే దొంగ. కలివికోడిని దొంగిలించి అమ్ముకునేది ఏమీ లేదు. దానికి కావాల్సింది ఒక కొలత ప్రకారం ఉండే పొద. పరిశోధకులు ఇసుకమట్టితో పట్టీలు పరిచి, తెల్లారి పాదముద్రలు చూసి లెక్క వేశారు. హెక్టారుకు సుమారు 300 నుంచి 700 పెద్దపొదలు ఉన్నచోటే అది ఎక్కువగా తిరుగుతుందని తేలింది. పొదలన్నీ కొట్టేసి నిమ్మతోటో, పొలమో చేస్తే పోతుంది. అట్లని మేకల్ని, కట్టెలవాళ్లను పూర్తిగా తరిమేసి పొదను దట్టంగా పెరగనిచ్చినా దానికి చోటు ఉండదు. అంటే మితంగా మేపుకునే గొర్రెలకాపరి కూడా ఆ పిట్ట ఇంటికి ఒక కాపలాదారే. ఆయన్ని కలుపుకోకుండా చేసే రక్షణ సగం రక్షణే అని నా అభిప్రాయం.

పెంచి వదలొచ్చు కదా అంటారా? దాని గూడు ఎట్లా ఉంటుందో కూడా శాస్త్రం ఇంతవరకు రాసుకోలేదు. స్కాట్లాండ్‌లోని అబర్డీన్ యూనివర్సిటీ మ్యూజియంలో ఒక గుడ్డు ఉంది. 1917లో కోలార్ బంగారు గనుల వైపు సేకరించింది. అది కలివికోడి గుడ్డేనని 2013లో తేల్చారు. అంత విలువైన గుడ్డు పెట్టెలో ఏళ్ల తరబడి మూగగా పడి ఉంది. ఖడ్గమృగానికి పోబితోరా ఉంది. దీనికి ఆ పెట్టె, మన ముళ్లపొదలు, ఇంతే.

2009 తర్వాత పదేళ్లకు పైగా నమ్మదగ్గ జాడ లేదు. మళ్లీ పోయిందేమో అనుకున్నారు. 2025 ఆగస్టులో పక్షి పరిశీలకుల బృందం ఒకటి మన రాష్ట్రంలోనే దాని కూతను మళ్లీ పట్టుకుంది. ఆ చోటు వివరాలు నేను ఇక్కడ చెప్పను, మీరూ వెతుక్కుంటూ పోవద్దు. ఆ కూత రెండు అక్షరాల్లాగా ఉంటుంది, 'ట్విక్-టూ' అన్నట్టు. పొద్దు గుంకిన ముప్పావుగంటకు మొదలై కొన్ని నిమిషాలకే ఆగిపోతుంది. సిద్ధవటం, బద్వేలు వైపు చుట్టాలుంటే, పండక్కి పోయినప్పుడు ఆ వేళకు ఇంటి వెనక నిలబడి ఊరికే వినండి. ఫోనులో దాని కూత పెట్టి రెచ్చగొట్టకండి, టార్చిలైటు వేసి వెంటాడకండి. వినిపిస్తే అటవీశాఖ వాళ్లకు చెప్పండి.

తమ్ముడూ, నీ ప్రశ్నకు జవాబు దొరికిందనుకుంటా. వచ్చే ఎపిసోడ్‌లో గండికోట లోయ ఎట్లా ఏర్పడిందో మాట్లాడుకుందాం. ఉంటాను.