విత్తనమూ నేలా: క్యాన్సర్ పరిశోధనలో ఆలస్యంగా తెలిసిన సంగతి

1889లో లండన్ శస్త్రవైద్యుడు స్టీఫెన్ పేజెట్, రొమ్ము క్యాన్సర్‌తో మరణించిన 735 మంది రోగుల వివరాలను పరిశీలించారు. వారిలో 241 మందికి వ్యాధి కాలేయానికి పాకింది. ప్లీహానికి పాకినది 17 మందికే. రక్తం రెండు అవయవాలకూ సమృద్ధిగానే అందుతుంది గదా, ఇంత తేడా ఎందుకు? విత్తనాలు అన్ని దిక్కులకూ ఎగిరినా అనుకూలమైన నేలలోనే మొలకెత్తుతాయని ఆయన సమాధానం.

తరువాత చాలాకాలం వైద్యలోకం నేలకన్నా విత్తనాన్నే ఎక్కువగా శోధించింది. నిజానికి కణితిలో క్యాన్సర్ కణాలతోపాటు రక్తనాళాలు, ఫైబ్రోబ్లాస్టులు, రోగనిరోధక కణాలు కూడా ఉంటాయి. ఈ సమూహమే కణితి పరిసరం.

జన్యుశాస్త్రంలోనూ ఇటువంటి అనాదరణే జరిగింది. మన డీఎన్‌ఏలో ప్రోటీన్ల తయారీకి నేరుగా సూచనలిచ్చే భాగం 2 శాతానికి మించదు. మిగిలినదానిలో అధికభాగం 'చెత్త' అన్న మాట 1972లో సుసుము ఓనో వ్యాసంతో ప్రచారంలోకి వచ్చింది.

1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రువ్‌కున్ బృందాలు ఒక మిల్లీమీటరు పొడవుండే పురుగులో ఒక వింతను వెల్లడించాయి. ఒక జన్యువు ప్రోటీన్‌ను కాక, 22 అక్షరాల చిన్న ఆర్‌ఎన్‌ఏను మాత్రమే తయారుచేస్తోంది. అది మరొక జన్యువు సందేశానికి అతుక్కొని, ఆ ప్రోటీన్ తయారీని అణచివేస్తోంది. ఇదే మైక్రో ఆర్‌ఎన్‌ఏ. నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏలలో ఒక రకం. 2000లో అటువంటిదే మరొకటి మనిషిలోనూ ఉందని తేలాకనే లోకం దీనిని పట్టించుకున్నది. వారిద్దరికీ 2024లో నోబెల్ బహుమతి లభించింది.

2002లో కార్లో క్రోచే బృందం దీనికి క్యాన్సర్‌తో సంబంధాన్ని చూపింది. ఒక రకం దీర్ఘకాలిక లుకేమియా రోగులలో తరచుగా లోపించే 13వ క్రోమోజోమ్ భాగంలో రెండు మైక్రో ఆర్‌ఎన్‌ఏ జన్యువులు ఉన్నాయి.

2007లో స్వీడన్ పరిశోధకులు, కణాలు ఎక్సోసోమ్‌లనే సూక్ష్మ సంచులలో ఆర్‌ఎన్‌ఏలను ఇతర కణాలకు పంపగలవని చూపారు. ఇక్కడే పేజెట్ విత్తనమూ నేలా మళ్ళీ కలిశాయి. 2014లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, రొమ్ము క్యాన్సర్ కణాలు పంపిన మిర్-105 రక్తనాళాల గోడలోని కణాల బిగువును సడలించి, ఎలుకలలో వ్యాధి వ్యాప్తికి దారి తీసింది. అంటే విత్తనం తన నేలను తానే దున్నుకుంటున్నది!

అయితే ఈ జ్ఞానం ఇంకా చికిత్సగా పండలేదు. కణితిని అణచే మిర్-34ను అనుకరించిన ఔషధాన్ని రోగులపై పరీక్షించగా, రోగనిరోధక వ్యవస్థకు సంబంధించిన తీవ్ర దుష్ప్రభావాలు, మరణాలు సంభవించి, 2016లో ఆ పరీక్షను నిలిపివేశారు. ఎలుకలో గెలుపు మనిషిలో గెలుపు కాదు.

కనుక 'ఆర్‌ఎన్‌ఏతో క్యాన్సర్ మాయం' అన్న వార్త చూసినప్పుడు, ఆ ఫలితం ఎలుకలలోనా, మనుషులలోనా అని మొదట అడగండి. అటువంటి ఆశతో జరుగుతున్న చికిత్సను మాత్రం మధ్యలో మానకండి.