వజీఫా తెచ్చిన నీళ్లు

నిజామాబాద్ కచేరీల్లో ఉర్దూ నడిచిన రోజుల్లో పింఛనునూ వజీఫా అనేవారు, చదువుకునే పిల్లవాడికి సర్కారిచ్చే సొమ్మునూ వజీఫా అనేవారు. ఒకటి చేసేసిన పనికి, రెండోది ఇంకా మొదలుకాని పనికి. ఆ రెండో వజీఫానే ఈనాటి విశ్వవిద్యాలయాలు ఫెలోషిప్ అంటున్నాయి. దాని పుట్టుపూర్వోత్తరాలు వెతకడానికి బోధన్ దగ్గర చెరుకు కాలువ గట్టు మీద నిలబడితే చాలు. ఆ కాలువలో నీళ్లు ఒక వజీఫా వల్లే వచ్చాయి.

1896లో హైదరాబాద్ సర్కారు మీర్ అహ్మద్ అలీ అనే కుర్రవాడికి వజీఫా ఇచ్చి ఇంగ్లండు పంపింది. అప్పటికి అతనికి పందొమ్మిదేళ్లు. థేమ్స్ నదికి దగ్గరలో, ఎగమ్ ఊరి పక్కన కూపర్స్‌హిల్ అనే గుట్ట మీద రాయల్ ఇండియన్ ఇంజనీరింగ్ కాలేజీ ఉండేది. మన దేశంలో కాలువలు, వంతెనలు, రైలుదారులు వేసే ఇంజనీర్లను తయారుచేయడానికే 1870ల తొలినాళ్లలో దాన్ని పెట్టారు. అహ్మద్ అలీ అక్కడ చదివి 1899లో తిరిగొచ్చి సంస్థానం మరామతు శాఖలో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరాడు. తర్వాతి కాలంలో నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ అంటే ఆయనే. ఆయన ఆధ్వర్యంలోనే మంజీర నది మీద అచ్చంపేట దగ్గర 1923లో పని మొదలుపెట్టి 1931లో నిజాంసాగర్ ఆనకట్ట ముగించారు. రెండు లక్షల డెబ్బై అయిదు వేల ఎకరాలకు నీరందించాలన్నది లక్ష్యం.

లెక్క చూడండి. సర్కారు సొమ్ము ఇంగ్లండు వెళ్లిన రోజు నుంచి నీళ్లు బోధన్ చేలల్లోకి దిగేదాకా ముప్ఫై అయిదేళ్లు. ఇవాళ పరిశోధనకు సొమ్మిచ్చే ఏ కమిటీ అయినా మూడేళ్లకే ఫలితం చూపమంటుంది.

నీళ్ల వెంట మనుషులొచ్చారు. కృష్ణా, గోదావరి జిల్లాల రైతులు కుటుంబాలతో తరలివచ్చి బోధన్, వర్ని, కోటగిరి పక్కల స్థిరపడ్డారు. వాళ్ల ఊళ్లను ఇప్పటికీ ‘క్యాంపు’లనే పిలుస్తారు. చెరుకు విస్తరించింది. 1937లో బోధన్ పక్కనే నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసింది, దాని చుట్టూ పెరిగిన ఊరు శక్కర్‌నగర్ అయింది. ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్దదని పేరుపడ్డ ఫ్యాక్టరీ అది.

పండితుణ్ణి పోషించడమనే ఆలోచన మాత్రం నిజాములది కాదు, ఇంగ్లీషువాళ్లదీ కాదు. కాకతీయ రుద్రమదేవి కాలంలో, 1261లో వేయించిన మల్కాపురం శాసనం చదివితే తెలుస్తుంది. మందడం ఊరు, దానితోపాటు వెలగపూడి దానంగా అందుకున్న విశ్వేశ్వర శివాచార్యుడు తెలుగువాడు కాడు, గౌడదేశంవాడు, అంటే నేటి బెంగాల్. గణపతిదేవుడికి గురువైన ఆ పరదేశి పండితుడు వాటిని తన దగ్గరే ఉంచుకోలేదు. మఠం, పాఠశాల, వైద్యశాల నిలబెట్టి, వేదం, తర్కం, సాహిత్యం, ఆగమం చెప్పేవారికి జీతాలు రాసిపెట్టాడు. దూరదేశపు విద్వాంసుణ్ణి పిలిచి, తిండికి లోటు లేకుండా చేసి, పని చేయనివ్వడం మనకు తెలిసిన సంగతే.

కొత్తదేమిటంటే, ఇంకా పేరు రాని యువకుడిని నమ్మడం. 1851లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో జరిగిన ప్రదర్శన లాభాలు మిగిలితే, ఆ డబ్బు చూసే కమిషన్ 1891లో సైన్సు పరిశోధనకు స్కాలర్‌షిప్‌లు మొదలుపెట్టింది. డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం రాలేదు. ఆ మధ్య ఖాళీలో మనిషి ఏం తిని ప్రయోగాలు చేస్తాడు? ఆ ఖాళీకోసమే ఈ సొమ్ము. న్యూజిలాండ్ నుంచి ఒక కుర్రవాడికి ఇది దక్కింది, అదీ ముందు ఎంపికైనతను వద్దన్నాక. అతనే ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్. 1895లో కేంబ్రిడ్జి చేరాడు. అదే ఏడు హైదరాబాద్ నుంచి పదహారేళ్ల సరోజినీ ఛటోపాధ్యాయ కూడా నిజాం వజీఫాతో ఇంగ్లండు వెళ్లింది. మనం సరోజినీ నాయుడు అంటున్నది ఆమెనే. అంటే ఈ పరుగులో మన సంస్థానం ఎవరికంటేనూ వెనకబడిలేదు. 1918లో ఉస్మానియా వచ్చాక అక్కడ చదివిన రజియుద్దీన్ సిద్దీఖీ లైప్‌జిగ్ వెళ్లి హైజెన్‌బర్గ్ దగ్గర పరిశోధన చేశాడు.

వజీఫా అందనివాళ్ల కథ కూడా చెప్పుకోవాలి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మామగారి సాయంతో, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయంతో హార్వర్డు చేరాడు. అది చాలక ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేశాడు. పగలు చదువు. మనిషి కండరాలకు శక్తి ఎలా అందుతుందో తేల్చే పనిలో సగం ఆయనది. ఆ రాత్రులు నిద్రపోయి ఉంటే ఇంకెంత చేసేవాడోనన్న ఆలోచన నన్ను వదలదు.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఈ సొమ్ము దేశాల మధ్య మాటగా మారింది. అమెరికా యుద్ధసామగ్రి మిగిలినదాన్ని అమ్మి 1946లో ఫుల్‌బ్రైట్ మొదలెట్టింది. మనతో ఒప్పందం 1950లో. జర్మనీలో హంబోల్ట్ పేరిట 1860లోనే పుట్టి, మధ్యలో ఆగిపోయిన నిధి 1953లో మళ్లీ లేచింది. పీహెచ్‌డీ అయి నాలుగేళ్లు దాటనివారిని ఏ దేశమైనా, ఏ శాస్త్రమైనా పిలుస్తుంది; ఇన్ని సీట్లు ఈ దేశానికి అన్న వాటాలు లేవు. ముఖ్యంగా కావలసింది మంచి ప్రణాళిక, అక్కడ ‘రండి, నా దగ్గర పనిచేయండి’ అనే ఒక ఆచార్యుడి ఉత్తరం. మన కేంద్రం 1954–55లో జాతీయ విదేశీ స్కాలర్‌షిప్ తెచ్చింది. బరోడా వజీఫాతో 1913లో కొలంబియా వెళ్లిన అంబేద్కర్ ఉదాహరణ అందరి కళ్లముందే ఉంది. ఆయన పేరిటే తెలంగాణలో ఓవర్సీస్ విద్యానిధి నడుస్తోంది. ఇరవై లక్షల రూపాయల వరకు ఇస్తారు.

‘ఫెలో’ అన్న మాట పాత నార్సు భాషది. ఉమ్మడి పనికి తన సొమ్ము తెచ్చిపెట్టిన భాగస్వామి అని అర్థం. అందులోని ‘ఫె’ పశుసంపద, మన ‘పశు’ శబ్దానికి బంధువే. కొన్ని ప్రాంతాల్లో పశువులను ఇప్పటికీ సొమ్ములంటాం కదా, అదే పోలిక. ఈ అర్థం నాకు ఇష్టం. ఫెలో అంటే చేయిచాచినవాడు కాదు, పొత్తుకు వచ్చినవాడు.

ఇక ఇందూరు, అంటే నిజామాబాద్ సంగతి. 2006లో తెలంగాణ విశ్వవిద్యాలయం పుట్టి, డిచ్‌పల్లిలో నిలదొక్కుకుంది. నెట్ పరీక్షలో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) వచ్చిన పరిశోధకుడికి 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు. బతకడానికి పనికొచ్చే మొత్తమే. పీహెచ్‌డీ చేతికొచ్చాకే అసలు చిక్కు: గైడ్ నీడ పోతుంది, ఫెలోషిప్ ఆగిపోతుంది, కొలువు కనిపించదు. విద్యానిధి డిగ్రీకోసం పంపుతుంది. నేనడిగేది డిగ్రీ తర్వాతి రెండేళ్ల గురించి. హంబోల్ట్‌కో ఫుల్‌బ్రైట్‌కో దరఖాస్తు ఎలా రాయాలో, ఆచార్యుడికి మొదటి ఉత్తరం ఎలా పంపాలో కూర్చోబెట్టి చెప్పే మనిషి జిల్లాలో ఒక్కరున్నా చాలు.

పని మాత్రం ఇక్కడే కుప్పపడి ఉంది. బోధన్ షుగర్ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతికి వెళ్లి 2015 డిసెంబరులో మూతపడింది. చెరుకు వేసిన పొలాల్లో వరి వచ్చింది. రుద్రూరులో చెరుకు, వరి పరిశోధన కేంద్రం ఉంది. నిజాంసాగర్ కట్టినప్పుడు దాదాపు ముప్ఫై టీఎంసీలు పట్టేది. పూడిక తినేయగా, ఎత్తు పెంచాక కూడా ఇప్పుడు పద్దెనిమిది దాటదు. ఆ పూడిక ఎక్కడి నేలలనుంచి కొట్టుకొస్తోందో, దాన్ని ఆపేదెట్లాగో లోతుగా తేల్చాల్సిన పిల్లకు, ఈ కాలువల పక్క ఏ క్యాంపులోనో, ఇప్పుడు పందొమ్మిదేళ్లు ఉండి ఉంటాయి.